కార్డులో గిత్తలు

పోయిన నెల కొత్త ఫోను కొన్నాను. పాతదానికి ఏ రోగమూ లేదు, మా అమ్మాయి పోరు పడలేక కొన్నాను. కొన్న కొద్ది రోజులకే పర్చూరు దగ్గర పల్లెలో ఉండే మా బాబాయి వాళ్లింటికి వెళ్లే పని పడింది. మా పిన్ని ఫోను చేతిలోకి తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, "బాగుందే, బరువే లేదు" అని మెచ్చుకుని లోపలికి వెళ్లింది. నేను ఫోను ఒళ్లో పెట్టుకుని బాబాయితో ఏదో మాట్లాడుతున్నాను. ఆవిడ వంటింటి గడప దాటి తిరిగి వస్తుంటే చేతిలో పసుపు భరిణె కనపడింది. నాకు తెలియకుండానే నా బొటనవేలు వెళ్లి ఫోనుకి ఛార్జింగ్ పెట్టే కన్నం మీద అడ్డంగా కూర్చుంది. పిన్ని గుమ్మంలోనే ఆగిపోయి, నా వేలి వంక చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇన్నేళ్లయినా నా మీద నమ్మకం కుదర్లేదటే నీకు" అంది. నవారు మంచం మీద పడుకున్న బాబాయి అటు తిరిగే, "నమ్మకం సంగతి కాదే, అనుభవం" అన్నాడు. చివరికి ఫోను వీపు మీద, కన్నాలేవీ లేని చోట, ఒక చిన్న బొట్టు పెట్టించుకుని బయటపడ్డాను. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది. నేను పాఠాలు చెప్పే స్కూల్లో పిల్లలు అదేదో కొత్త రకం స్టిక్కరనుకుంటున్నారు.

ఆ అనుభవం ఏమిటో చెప్పాలంటే ముందు గిత్తల సంగతి చెప్పాలి. బాబాయి అంటే మా నాన్నకి తమ్ముడు. మిరప, పత్తి, ఒక ఏడు కాకపోతే ఒక ఏడు పొగాకు వేసేవాడు. వ్యవసాయం గురించి అడిగితే ఒక ముక్కలో తేల్చేసేవాడు. గిత్తల గురించి అడిగితే మాత్రం తువ్వాలు దులిపి, వేసుకుని, కుదురుగా కూర్చుని మొదలుపెట్టేవాడు. మా వైపు శివరాత్రి రోజుల్లో తిరునాళ్ల జరిగే ఊళ్లన్నింటిలో బండలాగుడు పందేలు ఉంటాయి. పెద్ద రాతి బండకి గొలుసు వేసి ఎడ్ల జత చేత లాగిస్తారు. తోలేవాళ్లు పక్కన పరిగెత్తుతూ అదిలిస్తుంటారు. ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిది గెలుపు. మా బాబాయి జత ఒంగోలు గిత్తలు. మనుషుల పేర్లు చెబితే ఒకరికి కోపం, చెప్పకపోతే ఇంకొకరికి కోపం కనక అవి వదిలేస్తాను. ఎడ్లు కోప్పడవు కాబట్టి వాటి పేర్లు చెబుతాను. ఎడమ పక్క కట్టేది చంద్రన్న, కుడి పక్కది బుల్లోడు. చంద్రన్న పెద్దమనిషి తరహా, పిలిస్తే తప్ప తల తిప్పేది కాదు. బుల్లోడికి దగ్గరికొచ్చిన వాళ్ల పైట చెంగులూ తువ్వాళ్లూ నమలడం సరదా. నా పెళ్లి తర్వాత మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు మా ఆయన కొత్త చొక్కా చేయి బుల్లోడి నోట్లో పడి చంక దాకా తడిసింది. ఆ చొక్కా ఆయన మళ్లీ వేసుకోలేదు.

పాలపళ్లు ఊడని నాటి నుంచి బాబాయి వాటిని తన చేత్తో పెంచాడు. పొద్దున్నే కడగడం, మెడ కింద వేలాడే గంగడోలు మడతల్లో తడి లేకుండా తుడవడం, సాయంత్రం ఎండ వాలగానే ఉడకబెట్టిన ఉలవలు బొచ్చెలో వేసుకుని గొడ్ల చావిడిలోకి వెళ్లడం ఆయన దినచర్య. వెళ్లేటప్పుడు నాలుకతో టక్కుమని ఒక చప్పుడు చేసేవాడు. అది వినగానే రెండూ ఒకేసారి చెవులు రిక్కించేవి. పిన్ని దెప్పిపొడిచేది: "నేను నోరు నొప్పి పుట్టేట్టు పిలిచినా పలకడు. ఆ చావిట్లో తోక కదిలితే మాత్రం వినపడుద్ది ఈయనకి." గెలిచిన షీల్డులన్నీ అటక మీద చింతపండు కుండల పక్కన వరసగా ఉండేవి. ఇంత గొప్ప జతకి ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని బాబాయి గట్టి నమ్మకం. తిరునాళ్లలో ఎవరైనా కెమెరా ఎత్తితే తువ్వాలు అడ్డం పట్టేవాడు. "ఎడ్ల సంగతి సరే, నాకేం దిష్టి తగుల్తదని పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్క ఫోటో తీయించలా?" అని పిన్ని అడిగితే ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చావిట్లోకి వెళ్లిపోయేవాడు.

ఇరవై ఏళ్లు కావస్తున్నాయనుకుంటాను, ఒక పందెంలో బండ పక్కన పరిగెత్తుతూ బాబాయి పడిపోయాడు. మోకాలు దెబ్బ తింది. కట్లు కట్టించాం, గుంటూరు తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి చూపించాం. నడవచ్చు, పరిగెత్తకూడదు అన్నాడు డాక్టరు. బాబాయి ఇంటికి వెళ్లాక చాలా రోజులు ఆలోచించి, పరిగెత్తలేని మనిషి పందెపు ఎడ్లని కట్టుగొయ్యకి కట్టేసి ఉంచితే వాటి ఉసురు తగులుతుందని, అమ్మేద్దామని నిర్ణయానికి వచ్చాడు. కనిగిరి వైపు నుంచి ఒకాయన, తనూ పందేలాడే మనిషే, వచ్చి చూసి వెళ్లాడు. మంచివాడనే అందరూ చెప్పారు. రోజు కూడా ఖాయం చేసుకున్నారు. ఆ రోజు దగ్గర పడుతున్న కొద్దీ బాబాయి అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు తప్ప తినడం లేదని పిన్ని ఫోనులో చెప్పింది. ఆ మర్నాడు ఆయనే ఫోను చేశాడు. "అమ్మాయ్, మీ ఆయన స్నేహితుడి దగ్గర రీలు లేని కెమెరా ఉందన్నావు చూడు, అది ఒకసారి తీసుకురాగలవా?" అన్నాడు. తువ్వాలు అడ్డం పట్టిన మనిషి అడుగుతున్నాడంటే ఆ అడగడం వెనక ఎంత ఉందో నాకు తెలుసు. సెలవు పెట్టి బయలుదేరాను.

కెమెరా మా ఆయన ఆఫీసు స్నేహితుడిది. అందులో వేసే మెమరీ కార్డు మాత్రం మాది. ఇంకొకరి కార్డులో మన ఫోటోలెందుకని మా ఆయన ప్రత్యేకంగా కొన్నారు. నేను వెళ్లేసరికి కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఊరి పొలిమేర నుంచే తుమ్ములు మొదలయ్యాయి. గిత్తలని కడిగి, కొమ్ములకి నూనె రాసి, కల్లం పక్కన నిలబెట్టాడు బాబాయి. ఎర్రటి కాయల ముందు ఆ తెల్లటి గిత్తలు ఎంత బాగున్నాయో నా మాటల్లో చెప్పలేను. కెమెరా ఎత్తబోతుంటే పిన్ని "ఆగాగు, బొట్టు లేకుండా ఫోటో ఏంటి, నా బొంద" అంటూ భరిణెతో పరిగెత్తుకొచ్చింది. రెండింటి నుదుటా పసుపు అద్ది, కుంకుమ పెట్టి పక్కకి తప్పుకుంది. నాకు ఫోటోలు తీయడం వచ్చనుకునేదాన్ని. ఎడ్లు అలా అనుకోలేదు. నేను నొక్కే సమయానికి సరిగ్గా చంద్రన్న అటు తిరిగేది, బుల్లోడు నా మీదికి వచ్చేది. పొద్దు వాలే దాకా తీస్తూనే ఉన్నాను. చివరికి కెమెరాలో పెన్సిల్ సెల్స్ అయిపోయి అది కళ్లు మూసింది.

"మరి ఇప్పుడు వాళ్లెక్కడున్నారు?" అన్నాడు బాబాయి. ఎడ్లని ఆయన ఎప్పుడూ 'వాళ్లు' అనే అనేవాడు. నేను మూత తీసి కార్డు బయటికి లాగి ఆయన అరచేతిలో పెట్టాను. చేను దున్నిన అరచెయ్యి అది, అందులో ఆ కార్డు వేలిగోరంత కనపడింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత దాంట్లో ఇద్దరూ పట్టారా?" అన్నాడు. ఇద్దరే కాదు, నువ్వు కూడా ఉన్నావన్నాను. "అమ్మాయ్, ఒకటడుగుతా. రేపు వాళ్లెళ్లిపోయినాక కూడా ఇందులో ఉంటారుగా? నేను చూడాలనుకుంటే చూడొచ్చుగా?" అన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు బాబాయ్ అన్నాను. అప్పటిదాకా ఆయన ఆ కనిగిరి ఆయనకి కబురు పంపి వద్దనేద్దామా అని ఊగిసలాడుతున్నాడని తర్వాత పిన్ని చెప్పింది. నా మాట విన్నాక ఆయన కార్డుని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

పొద్దున్నే వ్యాను వచ్చింది. కొన్నాయన గిత్తల మెడకి కట్టే తాళ్లు, కొత్త పలుపులు, తెచ్చుకున్నాడు. గొడ్డుని ఇచ్చినా పలుపు ఇవ్వకూడదని మావాళ్ల పట్టింపు. పాత పలుపులు విప్పి బాబాయి తన భుజాన వేసుకున్నాడు. పిన్ని గిత్తల కాళ్లు కడిగి గిట్టలకి పసుపు రాసింది, హారతిచ్చింది. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు చేసే హడావుడి అంతా చేసింది. చంద్రన్న మారు మాట లేకుండా వ్యాను ఎక్కింది. బుల్లోడు ఎక్కే ముందు బాబాయి భుజం మీది పలుపు నోటితో పట్టుకుని లాగింది. ఆ తర్వాత బాబాయి వీధిలో నిలబడలేదు. నేనూ బస్సు వేళ అయిందని బయలుదేరుతుంటే పిన్ని చిన్న స్టీలు డబ్బీ తెచ్చి ఇచ్చింది. లోపల దూది పరిచి, మధ్యలో కార్డు పెట్టి ఉంది. "జాగ్రత్తే, ఎక్కడా కింద పెట్టమాక" అంది. గుంటూరు చేరేదాకా ఆ డబ్బీ నా ఒళ్లోంచి దిగలేదు.

ఇక మా ఇంట్లో కంప్యూటర్ గురించి. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు. కంప్యూటర్ కొన్న కొత్తలో దానికున్న మర్యాద మా ఇంట్లో అత్తగారికి కూడా లేదు. దానికొక గది, గదికొక పరదా, పరదా బయట చెప్పులు. మానిటర్‌కి ఒక గుడ్డ తొడుగు, కీబోర్డుకి ఒకటి, వాటి అంచులకి నా చేత లేసు కుట్టించారు. గుంటూరు మిరప ఘాటు లోపలికి పోతే పాడవుతుందని కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. మానిటర్ తెర మీద వేలు పెట్టి చూపిస్తే ఆయనకి ప్రాణం విలవిల్లాడేది. దసరాకి దాని నుదుటన నేనే గంధం బొట్టు పెట్టాను. అప్పుడు మాత్రం ఆయన కాదనలేదు, పైగా కింద ఉన్న బ్యాటరీ డబ్బాకి కూడా పెట్టమన్నారు.

నేను ఊరి నుంచి వచ్చిన ఆ సాయంత్రం మా ఆయన స్నానం చేసి వచ్చి, కార్డు పెట్టే చిన్న రీడరు తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కార్డు తోశారు. కంప్యూటర్ టింగుమంది. మూలన ఏదో వచ్చినట్టే వచ్చి పోయింది. తీసి మళ్లీ పెట్టారు. ఈసారి టింగు కూడా అనలేదు. మూడోసారి ఒక పెట్టె వచ్చింది: ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటారా అని. ఆయన కాదు అన్న దాని మీద నొక్కి, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేశారు. అదే ప్రశ్న. స్నేహితుడి కెమెరాలో కొత్త సెల్స్ వేసి అందులో పెట్టి చూశాం. కార్డు తప్పు అని కెమెరా కూడా చెప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా ఆయన ముందు రీడరుని తిట్టారు, తర్వాత కరెంటుని, అది తన శాఖే అని గుర్తొచ్చి, మిరప ఘాటుని. కల్లం పక్కన అంతసేపు కెమెరా పెట్టుకుని తిరిగితే ఏ కార్డు మాత్రం బతుకుతుందన్నారు. నా బాధ ఫోటోలు పోయినందుకు కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చన్న నా మాట నమ్మి బాబాయి పలుపులు విప్పాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఎండ వాలే వేళకి ఫోను మోగేది. "వచ్చాయా అమ్మాయ్?" అనేవాడు బాబాయి. ఇంకో మాట ఉండేది కాదు. ఇంకా లేదు బాబాయ్, రేపు చూస్తాం అనేదాన్ని. "సరే, సరే, తొందరేం లేదు" అని పెట్టేసేవాడు. ఆ వేళ ఏమిటో నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. అది గిత్తలకి ఉలవలు పెట్టే వేళ. ఇప్పుడు ఆ వేళకి చేయడానికి పనేమీ లేక నాకు ఫోను చేస్తున్నాడు. ఒకరోజు పిన్ని ఫోను అందుకుని గొంతు తగ్గించి, "నిన్న కూడా కుక్కర్లో ఉలవలు పెట్టేశాడే, అలవాటు కొద్దీ. తర్వాత గుర్తొచ్చి చారు పెట్టమన్నాడు" అని చెప్పింది. మర్నాడు స్కూల్లో నేను సరిగ్గా పాఠం చెప్పలేకపోయాను.

ఊళ్లో ఉన్న ఫోటో స్టూడియోకి తీసుకెళ్లాం. అతను కార్డుని తన కంప్యూటర్లో పెట్టి చూసి, "ఇది పోయిందండీ" అన్నాడు. చేయగలిగింది ఒక్కటే, ఫార్మాట్ కొట్టి, తర్వాత ఏదో సాఫ్ట్‌వేర్‌తో లోపల మిగిలినవి వెతకాలి, దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక సీడీలో వేసి ఇచ్చాడు. మా ఆయన ఆదివారం కూర్చుని ఆ పని చేద్దామని నిశ్చయించారు. శనివారం సాయంత్రం ఫోనులో ఈ సంగతి బాబాయికి చెప్పాను. ఎప్పుడూ ఒక్క మాటతో పెట్టేసే మనిషి ఈసారి పెట్టేయకుండా, "అట్లయితే మేం కూడా వస్తాంలే" అన్నాడు.

ఆదివారం మొదటి బస్సుకి ఇద్దరూ దిగారు. గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, ఆ కంప్యూటర్ గదిలోకి వచ్చి చెరో కుర్చీలో కూర్చున్నారు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్న వాళ్ల ముఖాల్లా ఉన్నాయి వాళ్ల ముఖాలు. మా ఆయన కార్డు పెట్టారు. అదే పెట్టె, అదే ప్రశ్న. ఆయన మౌసు బాణాన్ని మెల్లగా అవును అన్న దాని మీదికి తీసుకెళ్లారు.

"ఏం అడుగుతోంది అల్లుడుగారూ అది?" అన్నాడు బాబాయి.

"ఫార్మాట్ చేయమంటారా అని మావయ్యగారూ."

"అంటే?"

రైతుకి రైతు భాషలో చెబుదామని మా ఆయన కొంచెం ఆలోచించి, "అంటే పొలాన్ని మళ్లీ దున్ని చదును చేసినట్టన్నమాట. చదును చేశాక లోపల ఏం మిగిలాయో ఏరుకుంటాం" అన్నారు.

బాబాయి తెర వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు. "పైరుండగా దున్ని, ఆ తర్వాత గింజలేరుకుంటారా ఎవరన్నా? వద్దు బాబూ. రాకపోతే రాకపోయినయ్యి. లోపలైతే ఉన్నారు కదా. నేనట్టాగే గూట్లో పెట్టుకుంటా" అన్నాడు. మా ఆయన మౌసు మీద చెయ్యి తీసేశారు.

పిన్నికి మాత్రం ఆ కంగారేమీ లేదు. నేనిచ్చిన కాఫీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తాగుతూ, "మీరంతా ఊరికే బెంగ పెట్టుకోమాకండి. వాళ్లకేం కాదు. బయలుదేరేటప్పుడు అన్నిటికీ పసుపు రాసే పంపించా" అంది.

"అన్నిటికీ అంటే ఏంటి పిన్నీ? ఎడ్లు రెండేగా?" అన్నాను.

"రెండు వ్యానెక్కి పోయినయ్యి. ఇందులో ఉన్నవాళ్లు నీతో పోతన్నారుగా. వాళ్లకి రాసి వీళ్లకి రాయకపోతే ఎట్టా? దీనికీ రాశా."

"దీనికా? ఎక్కడ రాశావు?"

"ముఖానికే. ఒకేపు ఏదో కాయితం అంటించి ఉంది, అది వీపు. రెండోయేపు బంగారం గీతలున్నయ్యి చూడు, అది ముఖం." మా ముఖాలు చూసి ఆవిడకి అనుమానం వచ్చినట్టుంది. "కుంకం పెట్టలేదులే. కుంకం పెడితే లోపల బొమ్మలు ఎర్రబడతయ్యేమోనని ఒట్టి పసుపే తడిపి రాశా. ఆరినాక చెంగుతో తుడిచా కూడాను" అని సంజాయిషీ ఇచ్చింది.

మా ఆయన కార్డుని లాగి కిటికీ దగ్గరికి పరిగెత్తారు. ఆ ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాక ఆ కిటికీ తెరవడం అదే మొదటిసారి. వెలుగులో వాల్చి చూస్తే అప్పుడు కనపడింది. బంగారు రంగు రేకుల మీద, ఆ సన్నటి సందుల్లో, అదే రంగులో పలచటి పొర. బంగారం మీద పసుపు ఎవరికి కనపడుతుంది? స్టూడియో అతనికి కనపడలేదు, నాకూ కనపడలేదు. కంప్యూటర్ ఆ రేకుల ద్వారానే లోపలున్నది చదువుకుంటుంది. చదువుకునే కళ్లకి పిన్ని చక్కగా పసుపు అలికి పంపింది. నా స్కూలు సంచిలో రబ్బరు ముక్క ఉంటే తెచ్చాను. పిల్లల తప్పులు చెరిపే ఆ రబ్బరుతో ఒక్కొక్క రేకూ మెల్లగా రుద్దాను. మధ్య మధ్య అగ్గిపుల్లకి దూది చుట్టి సందులు తుడిచాను. నేను రుద్దుతున్నంతసేపూ బాబాయి నా చేతి వంకే చూస్తున్నాడు. పిన్ని మొట్టమొదటిసారి కాఫీ గ్లాసు కింద పెట్టి, "నేను మంచికే చేశానే" అంది. మంచికే చేశావులే పిన్నీ అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

ఈసారి కార్డు పెట్టగానే టింగుమంది. ప్రశ్న అడగలేదు. కాసేపు ఏదో ఆలోచించి, చిన్న చిన్న బొమ్మలు వరసగా పరిచింది. మా ఆయన మొదటిదాన్ని పెద్దది చేస్తే నాలుగు గిట్టలు కనపడ్డాయి, పైన ఏమీ లేదు. రెండోదాంట్లో ఒక తోక. మూడోది బుల్లోడి ముక్కు, దగ్గరగా, మసగ్గా. నా ఫోటోల ప్రతిభ ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ తర్వాత వచ్చింది అసలుది. వెనక ఎర్రటి మిరప కల్లం, ముందు రెండు గిత్తలు, నుదుట తడి ఆరని పసుపు, మధ్యలో పలుపులు పట్టుకుని బాబాయి. ఒక పక్క అంచున గాజులున్న ఒక చెయ్యి, చెరిగిన బొట్టు మళ్లీ దిద్ది వెనక్కి తీసుకుంటున్న చెయ్యి.

బాబాయి కుర్చీ ముందుకి జరుపుకుని, తెర దగ్గరగా వంగి, నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. ఉలవల బొచ్చెతో చావిట్లోకి వెళ్లేటప్పుడు చేసే చప్పుడు. తెర మీద చెవులు కదల్లేదు. అయినా ఆయన నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన చెయ్యి చాపి చంద్రన్న గంగడోలు మీద, తర్వాత బుల్లోడి ముక్కు మీద వేలితో రాశాడు. మానిటర్ మీద వేలిముద్రలు పడుతున్నాయి. మా ఆయన చూస్తూ ఊరుకున్నారు, ఆ రోజంతా వాటిని తుడవలేదు. పిన్ని మాత్రం కళ్లు తుడుచుకుని తెర అంచుకి వేలు చూపించి, "పెళ్లయినాక నా ఫోటో ఒకటి పడింది, అది కూడా మోచేతి దాకానే" అంది.

ఆ ఫోటోనే పెద్దది చేయించి, అద్దం కట్టించాం. బాబాయి దాన్ని ముందుగదిలో పెట్టనివ్వలేదు. గొడ్ల చావిట్లో, గిత్తలు మేత తినే గాడి పైన, అవి నిలబడితే వాటి తలలుండే ఎత్తులో మేకు కొట్టి తగిలించాడు. కట్టుగొయ్యలకి ఆ పాత పలుపులు చుట్టి ఉంచాడు. ఆ రోజు నుంచి ఫోను రావడం ఆగింది. శుక్రవారం శుక్రవారం ఆ అద్దం మీద, సరిగ్గా రెండు నుదుళ్లున్న చోట, పిన్ని పసుపు బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. అద్దం ఉంది కాబట్టి ఈసారి మేమెవరం అడ్డం చెప్పలేదు. మిగతా ఫోటోలన్నీ సీడీలోకి ఎక్కించి బీరువాలో దాచాం. సీడీ ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని మింగే యంత్రమే మా ఇంట్లో ఇప్పుడు ఏదీ లేదు. కంప్యూటర్ లేసు తొడుగులతో సహా పాతసామాన్ల బండెక్కి చాలా కాలమైంది. కార్డు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

మొన్న ఫోనుకి బొట్టు పెట్టించుకున్నాక, చావిట్లో ఫోటోని కొత్త ఫోనులో ఒకసారి తీసుకుంటానన్నాను. బాబాయి లేచాడు. ఇప్పుడాయనకి చూపు బాగా తగ్గింది. నా భుజం పట్టుకుని నడిచాడు. చావిట్లో గొడ్లు లేవు. మందు కొట్టే మిషన్లు, నీళ్ల పైపుల చుట్టలు, ఎవరిదో మోటారుసైకిలు ఉన్నాయి. ఫోటో ఉన్న చోటే ఉంది. కానీ రోజూ సాయంత్రపు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. ఇన్నేళ్ల ఎండకి కాగితం వెలిసిపోయింది. ముందు మిరప కల్లం ఎరుపు పోయినట్టుంది, తర్వాత బాబాయి, ఆ తర్వాత గాజుల చెయ్యి. గిత్తలు మొదటే తెల్లవి, ఆ తెలుపులో కలిసిపోయాయి. మిగిలింది అద్దం మీద వారం వారం పేరుకున్న రెండు పసుపు బొట్లు. గోరుతో గీకినా ఊడేట్టు లేవు. బాబాయి తడుముకుంటూ వాటి మీద వేలు పెట్టి, "ఇది చంద్రన్న. ఇది బుల్లోడు" అన్నాడు. ఒక్కసారి కూడా తడబడలేదు.

నేను ఫోను ఎత్తి తీశాను. అద్దంలో నా నీడే పడింది, నెరిసిన జుట్టూ, కళ్లజోడూ, దాని ముందు రెండు పసుపు చుక్కలు.

"వచ్చాయా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"వచ్చాయి బాబాయ్. ఇద్దరూ వచ్చారు" అన్నాను.

ఆయన తల ఊపి, అద్దం వైపు తిరిగి నాలుకతో టక్కుమన్నాడు. కాలం ఆ ఫోటోలోంచి గిత్తలని ఎవరికీ చప్పుడు వినపడకుండా ఎప్పుడో తోలుకుపోయింది, పిన్ని పెట్టిన పసుపుని మాత్రం, పలుపు లాగే, ఇంటివాళ్లకే వదిలేసి వెళ్లింది.